ఐదు ఒకట్ల వరుస

డాక్టర్ ఇచ్చిన గడువు సాయంత్రం ఆరు గంటలు. తిరుమలగిరిలో గణిత పరిశోధన కేంద్రం గేటు ముందు ప్రేమమణి ఆటో దిగేసరికి గురువారం పగలు పదకొండూ యాభై. ఇక మిగిలింది ఆరు గంటల పది నిమిషాలు.

తప్పిపోయిన పిల్ల పేరు అనుపమ. ఇరవయ్యేడేళ్ళు. ఈ కేంద్రంలోనే పరిశోధన చేస్తోంది. తొమ్మిదో ఏట పట్టుకున్న షుగర్ ఆమెది, మాత్రలతో సర్దుకునే రకం కాదు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందే. బుధవారం పొద్దున తొమ్మిదీ ఐదుకి ఆమె లోపలికి వచ్చినట్టు గేటు రిజిస్టర్లో సంతకం ఉంది. బయటికి వెళ్ళినట్టు సంతకం లేదు. స్కూటీ షెడ్డులోనే ఉంది. మందు పెట్టుకునే ఊదారంగు సంచి కేంద్రం వంటగది ఫ్రిజ్‌లోనే ఉంది. మందు లేకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. ఆరు దాటితే తాను మాట ఇవ్వలేనని డాక్టర్ తేల్చేశాడు.

తల్లి శ్యామలమ్మ రాత్రంతా పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని, తెల్లారగానే రాంగోపాల్‌పేట్‌లో ప్రేమమణి ఆఫీసు మెట్లెక్కింది. ఏడవలేదు. మందుల చీటీ, పిల్ల ఫోటో బల్ల మీద పెట్టింది.

"అక్కా, పోయిందని చెప్పనీకైతే నా ఇంటికి రాకు. బతికున్నదంటేనే రా."

ఆ ఒక్క మాట అని దిగి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అరగంటకోసారి ఫోన్ చేస్తూనే ఉంది. రెండుసార్లు ఎత్తిన ప్రేమమణికి మూడోసారి ఎత్తడానికి మొహం చెల్లలేదు.

ప్రేమమణి రైల్వే పోలీసులో ముప్ఫై ఏళ్ళు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి, ఇప్పుడు సొంతంగా ఇలాంటి పనులు ఒప్పుకుంటున్న మనిషి. పన్నెండేళ్ళు మొగుడికి తన చేత్తోనే ఇన్సులిన్ పొడిచింది. ఆ గడువంటే ఏమిటో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

వాచ్‌మన్ సైలస్ గోడకున్న తాళంచెవుల బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి అనుపమ గది చెవి తీశాడు. బోర్డుకి తొమ్మిది కొక్కేలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. ఎనిమిదింటికి చెవులు వేలాడుతున్నాయి. 'బొల్లారం పాత గోదాం' అని రాసిన కొక్కెం ఒక్కటే ఖాళీ. ఆ కొక్కెం కింద చెవి ఆకారంలో శుభ్రమైన మచ్చ ఉంది. చుట్టూ దుమ్ము. ప్రేమమణి అడిగితే, అది పాత పుస్తకాలు పడేసిన గోదామని, రెండేళ్ళుగా తెరవలేదని, చెవి ఎప్పుడు పోయిందో తనకు ఎరుక లేదని సైలస్ చెప్పాడు.

గది ముందు ప్రొఫెసర్ సదాశివ అప్పటికే నిలబడి ఉన్నాడు. అనుపమకు గైడ్ ఆయనే, కేంద్రానికి పెద్దా ఆయనే. ఇస్త్రీ చెదరని చొక్కా, ఎర్రబడిన కళ్ళు. ప్రేమమణి ఇంకా ఏమీ అడగకముందే తన బుధవారం అంతా ఆయన అప్పజెప్పేశాడు. ఎనిమిదీ యాభైకి వచ్చాడట. పదీ పదికి తన కారులో బయల్దేరాడట. పదకొండు నుంచి రెండు దాకా ఒక కాలేజీలో రెండు వందల మంది ఎదుట ఉపన్యాసం ఇచ్చాడట. నాలుగున్నరకు తిరిగొచ్చాడట. వింటూ ఆమె మనసులో ఒక ముడి వేసుకుంది. పిల్ల కోసం గాబరాపడే మనిషి పిల్ల సంగతి మాట్లాడతాడు. ఈయన గడియారం సంగతి మాట్లాడుతున్నాడు.

గది చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. బల్ల మీద చిన్నపిల్లలు దిద్దుకునే పలక, తడిగుడ్డ, సుద్దముక్క, లూడో పాచిక. వాటి పక్కన నోటుబుక్కు తెరిచి ఉంది.

"ఇదే మేడం, ఇన్‌స్పెక్టర్ గారు ముఖ్యమైన ఆధారం అన్నది" అని సదాశివ ఆ పేజీని చూపించాడు.

అనుపమకు ఒక పద్ధతి ఉంది. రోజుకు ఒక పేజీ, పేజీకి నాలుగు నిలువు పట్టీల్లో నూట ఇరవై వరుసలు. పేజీ పైన మొదలుపెట్టిన టైము, కింద ముగించిన టైము. వరుసల్లో అంకెలు తప్ప ఏమీ లేవు: 4, 1. కింద 3, 1, 1. ఆ కింద ఒంటరిగా 5. ప్రేమమణి అదేమిటని అడిగితే ఆయన ఓపిగ్గానే చెప్పాడు. పది అనే సంఖ్యను రెండు ఇంటూ ఐదుగా విరగ్గొట్టినట్టే, బహుపదుల్ని కూడా కారణాంకాలుగా విరగ్గొట్టవచ్చు. అనుపమ తీసుకునేవి ఐదో ఘాతం బహుపదులు. వాటిలో ఏదైనా ఒక నాలుగు సైజు ముక్కగా, ఒక ఒకటి సైజు ముక్కగా విరిగితే 4, 1 అని రాస్తుంది. అసలు విరగనిది 5. ఏ వరుస కూడినా ఐదే రావాలి.

బుధవారం పేజీ పైన తొమ్మిదీ ముప్ఫై. కింద ఒంటిగంటా పది.

"అంటే ఒంటిగంటా పది దాకా ఈ కుర్చీలోనే ఉంది. అప్పుడు నేను స్టేజీ మీద ఉన్నాను" అన్నాడు సదాశివ.

ప్రేమమణి పలక వైపు వంగింది. పలక నిండా సుద్దతో ఏవో అక్షరాలు, కొట్టివేతలు. అడుగున గీత గీసి జవాబు: 3, 2. నోటుబుక్కులో బుధవారం చివరి వరుస 4, 1. ఆమె ఎడమ పక్క పేజీ చూసింది. మంగళవారం చివరి వరుస 3, 2.

"పలక మీద మంగళవారం లెక్కనే ఉన్నది. బుధవారం నూట ఇరవై లెక్కలు చేసిన పిల్ల పలక తుడవలేదా సార్?"

"పలక ఆమెకు ఆటవస్తువు మేడం. లెక్కలు కంప్యూటర్ చేస్తుంది, ఆమె దించుకుంటుంది, అంతే."

ఆమె తల ఊపి సోమ, మంగళ, బుధవారాల పేజీలను ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర సైలస్‌ను ఇంకో రెండు సంగతులు అడిగింది. బుధవారం పొద్దున సారు కారు బయటికి పోతుంటే లోపల ఎవరెవరున్నారు? సైలస్ నొచ్చుకున్నాడు. సారు కారుకు గేటు తీసి సలాం కొడతామే గాని, లోపలికి తొంగి చూస్తామా అన్నాడు. మరి సాయంత్రం ఎవరైనా అనుపమ గది తెరిచారా? నాలుగున్నర దాటాక సారే చెవి అడిగి తీసుకున్నాడు, ఏదో పుస్తకం కావాలని. అరగంటకు పైగా లోపలే ఉన్నాడు. ప్రేమమణి తన నంబరు చీటీ మీద రాసి అతని జేబులో పెట్టింది. ఏ చిన్న సంగతైనా ఫోన్ కొట్టమని, ఇక్కడ ఊగిసలాడేది ఒక ఆడపిల్ల ప్రాణమని చెప్పింది.

ఆటోలో కూర్చుని మందుల చీటీ వెనక పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ ఆ మూడు పేజీలూ లెక్కపెట్టింది. చదువు అంతంతమాత్రమే అయినా, రైల్వేలో లగేజీ పెట్టెలు లెక్కపెట్టిన చెయ్యి అది. ఒకసారి లెక్కపెట్టింది రెండోసారి సరిచూస్తే గాని నమ్మదు.

స్టేషన్ చేరేసరికి ఒంటిగంటా ఐదు.

ఇన్‌స్పెక్టర్ విజయేందర్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అనుపమతో పాటు పరిశోధన చేస్తున్న కల్యాణ్ అనే అబ్బాయిని రాత్రే తెచ్చి లోపల కూర్చోబెట్టాడు. ఆయన లెక్క సూటిగా ఉంది. ఒంటిగంటా పది దాకా పిల్ల బల్ల దగ్గర ఉంది. కల్యాణ్ ఒంటిగంట దాకా ఒక కాలేజీలో పాఠం చెప్పాడు. ఆ తర్వాత మూడింటి దాకా ఎక్కడున్నాడో చూసిన నరమానవుడు లేడు. మంగళవారం వాళ్ళిద్దరూ క్యాంటీన్‌లో గట్టిగా అరుచుకున్నారు. ఇంకేం కావాలి?

"రిటైరైనోళ్ళు ఇంట్ల కూసోని టీవీ చూడాలె ప్రేమమణక్కా. గీ తక్లీఫ్ నీకెందుకు?"

"టీవీ పెడితే సుత నువ్వే కనవడ్తున్నవ్ సారూ, దొంగ దొరికిండని చెప్పుకుంట. దొంగ దొరికితే పిల్లేది?"

విజయేందర్ మొహం ముడుచుకుంది. రెండు బృందాలు బస్టాండ్లూ చెరువులూ గాలిస్తున్నాయని, పైనుంచి గంటకోసారి అడుగుతున్నారని, ఆమెకు పది నిమిషాలే ఇస్తానని అన్నాడు. ఆ పది నిమిషాలూ తను పక్కనే నిలబడతానన్నాడు.

కల్యాణ్ వెనక గదిలో బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. బొబ్బిలి వైపు నుంచి వచ్చి బోయిన్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం. రాత్రి నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి. అదే బెంచీ మీద కానిస్టేబుళ్ళ స్టీలు టిఫిన్ డబ్బాలు ఐదు వరుసగా పెట్టి ఉన్నాయి.

ప్రేమమణి ముందు గొడవ సంగతి అడిగింది. ఏదో చదువు విషయమని అతను నసిగాడు. ఆమె ఫోన్ తీసి శ్యామలమ్మ చేసిన కాల్స్ చూపించింది. పొద్దుటి నుంచి పదకొండు.

"నువ్వు దాచుకున్న మాట బరువెంతో నాకు తెల్వదు బిడ్డా. ఆరు గంటలకు ఆ పిల్ల చచ్చిపోతది. అప్పుడు దాన్ని ఎవ్వలకు చెప్పుకుంటవ్?"

కల్యాణ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు దించి మెల్లిగా బయటపెట్టాడు. అనుపమ మూడేళ్ళు కష్టపడి ఒక సిద్ధాంతం సాధించింది. ఈ బుధవారం సదాశివ ఇచ్చిన ఉపన్యాసానికి నెల కిందటే ఆహ్వానపత్రం అచ్చయింది. అందులో ఆ సిద్ధాంతం ఆయన పేరు మీద ఉంది. సభలోనే లేచి నిలబడి, ఇది నాది అని చెప్తానని అనుపమ పట్టుబట్టింది. నోరు మూసుకోమని, ముందు డిగ్రీ చేతికి రానిమ్మని కల్యాణ్ అరిచాడు. అదీ గొడవ.

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నా డిగ్రీ మీద కూడా ఆయన సంతకమే కావాలండి. ఐదేళ్ళండి. మా నాన్న రిటైరైపోనాడు. సారు మనిషిని ఏటి చేస్తారండి అనుకున్నాను. స్టేజీ మీద ఉన్నారు కదా అనుకున్నాను."

విజయేందర్ ముక్కుతో నవ్వి, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడని, వీడు ప్రొఫెసర్‌ను పట్టుకున్నాడని అన్నాడు. ప్రేమమణి ఆ మాట విననట్టే మందుల చీటీ తిప్పి కల్యాణ్ ముందు పెట్టింది.

"బుధవారం పేజీ నేను లెక్కవెట్టిన. అసలు విరగనియి ఇరవై నాలుగు. నాలుగు, ఒకటి ముప్ఫై. మూడు, రెండు ఇరవై. మూడు, ఒకటి, ఒకటి ఇరవై. రెండు, రెండు, ఒకటి పదిహేను. రెండు, మూడు ఒకట్లు పది. ఐదూ ఒకట్లే ఉన్న వరుస ఒక్కటి."

కల్యాణ్ తల పైకెత్తాడు. ఆమె చదువుతున్నంత సేపూ అతని పెదాలు ఆమె కన్న ముందే ఆ అంకెలు పలుకుతున్నాయి.

"ఇది చేసిన లెక్క కాదండి. దించీసిన లెక్క."

ఎట్లా అని ఆమె అడిగింది. అతను బెంచీ మీది డబ్బాల వైపు చేయి చాపాడు. ఐదుగురు కానిస్టేబుళ్ళు కళ్ళు మూసుకుని తలో డబ్బా ఎత్తుకున్నారనుకోమన్నాడు. ఒకడి డబ్బా రెండోవాడికి, రెండోవాడిది మూడోవాడికి, అలా తిరిగి తిరిగి మొదటివాడి దగ్గరికి వస్తే అదొక గొలుసు. ఎవరి డబ్బా వాళ్ళకే వస్తే అది ఒంటి గొలుసు. ఐదు డబ్బాలు మారే తీర్లు మొత్తం నూట ఇరవై. వాటిలో ఐదుగురూ ఒకే గొలుసులో పడేవి ఇరవై నాలుగు. నలుగురు ఒక గొలుసైపోయి ఒక్కడికి తన డబ్బా తనకే దక్కేవి ముప్ఫై. అట్లా దిగుతూ దిగుతూ, ఐదుగురికీ ఎవరిది వాళ్ళకే వచ్చేది నూట ఇరవైలో ఒకే ఒక్కటి.

"నా డబ్బా ముట్టకు" అన్నాడు విజయేందర్, కల్యాణ్ చేయి మూడో డబ్బా మీద పడేసరికి. కాని గదిలోంచి కదల్లేదు.

బహుపదుల ముక్కలకూ ఈ డబ్బాల గొలుసులకూ చుట్టరికం ఉందన్నాడు కల్యాణ్. ఒక పెద్ద ప్రధాన సంఖ్యను ఎంచుకుని, లెక్కలన్నీ దాని లోపలే, గడియారంలా అది రాగానే మళ్ళీ సున్నాకు తిరుగుతూ చేస్తే, ముక్కల సైజులు అచ్చం గొలుసుల సైజుల పాళ్ళలోనే పడతాయి. ఇది వాళ్ళ విద్యలో పెద్ద సూత్రం. సదాశివకు అది కంఠతా వచ్చు. కాని పాళ్ళంటే సగటున అని అర్థం. నిజంగా చేసిన నూట ఇరవై లెక్కల్లో ముప్ఫై రావలసిన చోట ఇరవై ఏడో ముప్ఫై నాలుగో వస్తాయి. ప్రతిదీ గుండు సూది మొనలా సరిగ్గా దిగదు.

"మరి సోమవారం, మంగళవారం గిట్ల లేదు బిడ్డా. విరగనియి సోమవారం ముప్ఫై నాలుగు, మంగళవారం ముప్ఫై ఏడు. రెండు, మూడు ఒకట్లు వచ్చినయి ఒకరోజు రెండు, ఒకరోజు మూడు. ఐదు ఒకట్లు రెండు రోజుల్లనూ లేనే లేవు."

"ఉండవండి. రావు."

కల్యాణ్ ఆమె ఫోన్ లాక్కుని సోమవారం పేజీ పెద్దది చేశాడు. పైన మూలగా చిన్న అక్షరాలతో రాసి ఉంది: 'ఈరోజు నుంచి మూడులో.' దాని పక్కన 'సరిచూశాను' అని కల్యాణ్ పొట్టి సంతకం. అనుపమ అప్పటి దాకా పెద్ద సంఖ్యలోనే చేసింది, కంప్యూటర్ సాయంతో. సోమవారం నుంచి మూడుకు దిగింది. సున్నా, ఒకటి, రెండు. ఆ తర్వాత మళ్ళీ సున్నా. అంత చిన్న లోకంలో పెద్ద సూత్రం పనిచేయదు. ఎంత తేడా వస్తుందో చూడాలని పాచిక వేసి బహుపదులు తీస్తూ, పలక మీద చేత్తో విరగ్గొడుతోంది. ఒకే ముక్క రెండుసార్లు వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోదు. మారినప్పుడు ఒక్కసారే రాస్తుంది, ప్రతి పేజీ మీదా రాయదు.

"మూడులో ఒకటి సైజు ముక్కలు మూడే ఉంటాయండి. ఒకదానికొకటి పోలని ముక్కలు ఐదు ఎక్కడ్నుంచొస్తాయి?"

ప్రేమమణి తనకు తానే చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అంది.

"ఇంట్ల మూడే గ్లాసులుంటే ఐదుగురికి ఒక్కసారే చాయ్ ఎట్ల పోస్తరు."

"అంతేనండి. అంతే."

ఆమె లేచి విజయేందర్ వైపు తిరిగింది. ఆ పేజీ అనుపమ రాసింది కాదు. ఆ పెద్ద సూత్రం నోటికొచ్చి, సోమవారం నుంచి పిల్ల మూడుకు మారిందని తెలియని మనిషి రాశాడు. సూత్రం వచ్చినవాళ్ళు ఆ కేంద్రంలో ఇంకా ఇద్దరే. కల్యాణ్‌కు మూడు సంగతి తెలుసు, సంతకం పెట్టాడు. ఆహ్వానపత్రం చూసిన నాటి నుంచి అనుపమ తన నోటుబుక్కు సదాశివకు చూపించడం మానేసిందని కల్యాణ్ అందించాడు. ఆయన బుధవారం సాయంత్రం గదిలో అరగంట కూర్చుని, ఎదురుగా ఉన్న మంగళవారం పేజీ తీరు చూసి, దాని పక్క పేజీ నింపాడు. ఇంకో పేజీ వెనక్కి తిప్పి చూడలేదు. పలక తుడవలేదు.

"వీడే కావాలని తప్పు రాసి సారు మీద తోసి ఉండొచ్చు గదా" అన్నాడు విజయేందర్. ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"ఆ పేజీతోని ఒడ్డెక్కింది ఎవరు సారూ, మునిగింది ఎవరు? ఒంటిగంట దాకా వీన్ని క్లాసుల యాభై మంది చూసిన్రు. ఒంటిగంటా పదికి పిల్ల బతికే ఉన్నదని రాసి, తన మెడకు తానే ఉరి తగిలించుకుంటడా? ఉరి తగిలింది వీనికి, స్టేజీ దక్కింది ఆయనకు."

కేంద్రం పెద్దమనిషి మీద చేయి వేయాలంటే పైకి చెప్పాలని, అంకెల వరుస ఒకటి పట్టుకుని చెప్తే తనను చూసి నవ్వుతారని విజయేందర్ మెల్లిగా గొణిగాడు. పెద్దమనుషుల్ని ముట్టుకోవాలంటే మీకు ఎప్పుడూ ఒక కాగితం తక్కువవుతుందని ప్రేమమణి దులిపేసింది. మరి పిల్ల ఎక్కడుందో చెప్పు, అప్పుడు కదులుతానని ఆయన రెట్టించాడు. ఆమె తల తిప్పి చూసింది. గోడ గడియారం ఒంటిగంటా నలభై. ఇంత తెలిసి కూడా తెలియనట్టే. పొద్దున పదింటికి సారు కారులో కూర్చుని, మాట్లాడుకుంటూ వెళ్దామంటే నమ్మి ఎక్కిన పిల్ల, ఈ నగరంలో ఏ తలుపు వెనక పడి ఉందో.

ఫోన్ మోగింది. శ్యామలమ్మ అనుకుని ఆమె కట్ చేయబోయింది. కొత్త నంబరు. సైలస్.

అతను భయపడుతూ గుసగుసగా మాట్లాడాడు. ఇప్పుడే సారు వంటగదిలోకి పోయి ఫ్రిజ్ తెరిచాడట. అనుపమ మేడం ఊదారంగు సంచి తీసుకున్నాడట. ఎక్కడికి సార్ అని అడిగితే పోలీసోళ్ళు తెమ్మన్నారని చెప్పి కారెక్కాడట. కారు మాత్రం స్టేషన్ దిక్కు కాకుండా బొల్లారం రోడ్డు పట్టిందట.

ప్రేమమణి ఫోన్ చెవి నుంచి తీయకుండానే విజయేందర్‌ను అడిగింది.

"సంచి తెమ్మని నువ్వు చెప్పినవా?"

"లేదు."

కల్యాణ్ లేచి నిలబడ్డాడు. మందు తీసుకుపోతున్నాడంటే బతికే ఉందండీ, చచ్చిపోయినవాళ్ళకి మందెందుకండీ అన్నాడు. అతని మొహంలో ఒక్కసారిగా వెలుగు వచ్చింది. ప్రేమమణికి కూడా ఒక్క ఊపిరి కాలం ఆ వెలుగు అంటింది. బొల్లారం పాత గోదాం. రెండేళ్ళ కిందట పోయిన చెవి అయితే బోర్డు మీద మచ్చ దుమ్ముతో కలిసిపోయి ఉండేది. అది ఆ కొక్కెం మీద నుంచి నిన్ననే దిగిన చెవి. పిల్ల అక్కడే ఉంది, బతికే ఉంది.

ఆ వెలుగు అంతలోనే ఆరిపోయింది. పన్నెండేళ్ళు సూది పట్టిన చెయ్యి ఆమెది.

"కల్యాణ్, ఆ సంచిల మందు ఎంతున్నది?"

మంగళవారమే పొడుచుకునే కొత్త ఇన్సులిన్ పెన్ను తెచ్చి పెట్టుకుందని, తనే మెడికల్ షాపుకి తోడు వెళ్ళానని అతను చెప్పాడు. నిండుగా ఉంటుందన్నాడు.

నిండు పెన్ను అంటే మూడు వందల యూనిట్లు. పూటకు పదో పన్నెండో పొడుచుకునే పిల్ల ఒంట్లో అది మొత్తం దిగితే, ఆరు గంటల గడువు ఇక దేనికీ పనికిరాదు. మందు లేక సాయంత్రానికి పోవలసిన పిల్ల, మందు ఎక్కువై గంటలో పోతుంది. పక్కన తన సంచి, తన పెన్ను, తన వేలిముద్రలు. షుగర్ పిల్ల తప్పిపోయి, కంగారులో మోతాదు తప్పి పొడుచుకుంది పాపం అంటారు. డాక్టర్లు కూడా అదే రాస్తారు.

ఆమె ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. విజయేందర్ ఈసారి కాగితం అడగలేదు. టోపీ కూడా పెట్టుకోకుండా జీపు చెవులు అందుకుని పరుగు తీశాడు. వెనకాలే కల్యాణ్‌ను ఎవరూ ఆపలేదు. ప్రేమమణి ముందు సీటులోకి ఎక్కుతూ, బొల్లారం ఎంతసేపని అడిగింది. ఖాళీ రోడ్డయితే ఇరవై నిమిషాలన్నాడు విజయేందర్. తిరుమలగిరి నుంచి కారుకు పదే నిమిషాలు. ఆయన బయల్దేరి అప్పుడే ఐదు నిమిషాలైంది.

జీపు గేటు దాటుతుండగా ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి శ్యామలమ్మే. ప్రేమమణి ఎత్తింది.

పొద్దుటి నుంచి రాయిలా ఉన్న ఆ తల్లి గొంతు మొదటిసారి వణుకుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అక్కా, ప్రొఫెసర్ సారు ఫోన్ జేసిండక్కా. జెర ధైర్నంగ ఉండు, గంటల నీ బిడ్డ దొరుకుతది అని చెప్పిండు."

బతికి దొరుకుతుందని అన్నాడా అని అడగడానికి ప్రేమమణికి నోరు రాలేదు.